నాలుగు మిల్లీమీటర్ల దారి

రాత్రి పదిన్నరకు అద్దం ముందు నిలబడి ఒకతను డ్రాపర్‌తో మందు కొలుచుకుంటున్నాడు. గీత దాకా లాగితే ఒక మిల్లీలీటరు. సీసా మీద మినాక్సిడిల్ 5 శాతం అని ఉంది కాబట్టి ఆ మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. నడినెత్తి మీద నాలుగైదు చోట్ల చుక్కలు వేసి వేళ్లతో రాస్తాడు. ఒక చుక్క నుదుటి మీదికి జారితే అరచేత్తో తుడుచుకుంటాడు. ముందు స్పిరిట్ వాసన, కాస్త చల్లదనం, ఆ తర్వాత జిడ్డు. తెల్లారి చూసుకుంటే వెంట్రుకల మొదళ్ల దగ్గర సన్నటి తెల్లపొడి కనిపిస్తుంది. చుండ్రు అనుకుని గోకుతాడు గానీ, ఆల్కహాల్ ఆవిరైపోయాక మిగిలిన మందు స్ఫటికాలవి. కొంత దిండు గలీబుకి అంటుకుంటుంది, మిగతాది తలస్నానంలో కొట్టుకుపోతుంది.

తలకు రాసిన మినాక్సిడిల్‌లో రక్తంలోకి చేరేది సుమారు 1.4 శాతం. యాభై మిల్లీగ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము కూడా కాదన్నమాట. ఇది అసలు రక్తపోటు తగ్గించే మందు కాబట్టి రక్తంలోకి అంతగా పోకపోవడం ఒకందుకు మంచిదే. మరి పోవలసిన చోటికి, అంటే వెంట్రుక కుదురు అడుక్కి, ఎంత పోయింది? వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు మందులు లేక కాదు ఇన్నాళ్లూ ఇబ్బంది. ఉన్న మందును సరైన చోట దింపి, అక్కడే నాలుగు రోజులు నిలపడం చేతకాక. నానో కణాల మీద జరుగుతున్న పనంతా ఈ రవాణా కోసమే.

కుదురు అనే మాట ఎంత బాగుందో! మొక్క చుట్టూ నీళ్లు నిలవడానికి తీసే పాదునూ కుదురు అంటాం, కుండ ఒరిగిపోకుండా కింద పెట్టే చుట్టనూ కుదురు అంటాం. వెంట్రుక కుదురు ఈ రెండు పనులూ చేస్తుంది. మాడు మీద అలాంటివి సుమారు లక్ష. ఎదుగుతున్న వెంట్రుక కుదురు దాదాపు నాలుగు మిల్లీమీటర్ల లోతున, చర్మం కింది కొవ్వు పొర దాకా దిగి ఉంటుంది. ఆ అడుగున డెర్మల్ పాపిల్లా అనే చిన్న కణాల ముద్ద ఉంది. వెంట్రుక ఎంత లావు పెరగాలి, ఎన్నేళ్లు పెరగాలి అని ఆజ్ఞలిచ్చేది అదే. మామూలుగా రెండు నుంచి ఆరేళ్లు పెరుగుదల, రెండు మూడు వారాల సర్దుబాటు, మూడు నెలల విశ్రాంతి, ఆ తర్వాత పాత వెంట్రుక రాలి కొత్తది మొలవడం. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం ఈ చక్రంలో భాగమే.

బట్టతలలో ఈ చక్రం కురచబారుతుంది. పెరిగే కాలం ఏళ్ల నుంచి నెలలకు తగ్గిపోతుంది. కుదురు పైకి జరిగి చిన్నదవుతుంది. ఒకప్పుడు నల్లగా దట్టంగా మొలిచిన చోట నూగు మొలుస్తుంది. మగవాళ్లలో కణతల దగ్గరా నడినెత్తినా, ఆడవాళ్లలో పాపిడి వెడల్పవుతూ ఇది కనిపిస్తుంది. నున్నగా మెరిసే బట్టతలలోనూ కుదుళ్లు చాలావరకు చచ్చిపోయి ఉండవు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ కోట్సరెలిస్ బృందం 2011లో బట్టతల చర్మాన్నీ, అదే మనిషి తలలో జుట్టున్న చోటి చర్మాన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. మూల కణాలు రెండు చోట్లా ఒకే లెక్కలో ఉన్నాయి. వాటి నుంచి పుట్టవలసిన తరువాతి తరం కణాలే బట్టతలలో బాగా తగ్గిపోయాయి. విత్తనం ఉంది, మొలక లేదు. మందుతో ప్రయత్నించడంలో అర్థం ఉందని చెప్పే ఆధారం ఇదే.

దీనికి కారకుడెవరో తెలియడానికి చాలా కాలం పట్టింది. 1942లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్, యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రాదని చూపించాడు. వాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే, కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు రాలింది, లేనివాళ్లకు రాలలేదు. హార్మోనూ కావాలి, వంశమూ కావాలి. ఆ తర్వాత 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని సలినాస్ అనే పల్లెలోని కొన్ని కుటుంబాల గురించి రాసింది. అక్కడ కొందరు పిల్లలను పుట్టినప్పుడు ఆడపిల్లలనుకుని పెంచారు. యుక్తవయసు వచ్చేసరికి వాళ్ల శరీరాలు మగవాళ్లవిగా మారాయి. టెస్టోస్టెరాన్‌ను దానికన్నా బలమైన డీహెచ్‌టీగా మార్చే ఎంజైము వాళ్లలో లోపించింది. పెద్దయ్యాక వాళ్ల ప్రోస్టేట్ గ్రంథి చిన్నగా ఉండిపోయింది, నుదుటి మీది జుట్టు వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్ ఈ దారిలోనే పుట్టి, 1992లో ప్రోస్టేట్ మందుగా, 1997లో ఒక మిల్లీగ్రాము మాత్రగా బట్టతలకు అమెరికాలో అనుమతి పొందింది. బట్టతల తల్లి వైపు మేనమామ పోలిక అని మన ఇళ్లలో అంటుంటారు. అందులో కొంత నిజముంది. డీహెచ్‌టీని పట్టుకునే గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగపిల్లవాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ 52,000 మంది బ్రిటిష్ మగవాళ్ల జన్యువులను వెతికిన 2017 నాటి పరిశోధనలో 287 చోట్లు బయటపడ్డాయి, వాటిలో ఎక్స్ మీద ఉన్నవి 40. తండ్రి వాటా తక్కువేమీ కాదు.

మినాక్సిడిల్ కథ మరో రకం. అప్‌జాన్ కంపెనీ దాన్ని రక్తపోటు మాత్రగా 1979లో తెచ్చింది. మాత్ర మింగినవాళ్లకు ముఖం మీద, చేతుల మీద జుట్టు మొలిచింది. ఆ దుష్ఫలితాన్నే మందుగా మలిచి, 1988లో రెండు శాతం ద్రావణాన్ని మగవాళ్లకు అనుమతించారు. మన దగ్గర కూడా ఏళ్ల తరబడి దొరుకుతోంది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ మింటాప్ పేరుతో అమ్మేది ఈ మందే.

మినాక్సిడిల్ నీళ్లలో సరిగ్గా కరగదు. ఒక మిల్లీలీటరు నీటిలో రెండు మిల్లీగ్రాములు కరగడమే గగనం. మనం 50 కరిగించాలి. అందుకే ఆల్కహాలూ ప్రొపిలీన్ గ్లైకాలూ కలుపుతారు. దురద, ఎరుపు, పొట్టు లేవడం చాలావరకు ఈ గ్లైకాల్ వల్లే. ఆల్కహాల్ ఎగిరిపోగానే మందు తెల్లపొడిగా పైనే పేరుకుంటుంది. పొడిగా మారిన మందుకు నడవడానికి కాళ్లు ఉండవు.

పైగా చర్మం ఉన్నదే ఏదీ లోపలికి రాకుండా చూడడానికి. పై పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు, మన వెంట్రుక మందంలో నాలుగో వంతుకు మించదు. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో కొవ్వు సున్నంలా అతికి ఉంటుంది. అణుభారం 500 డాల్టన్లు దాటినవి ఈ గోడను దాటడం కష్టమని చర్మ శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. మినాక్సిడిల్ 209, ఫినాస్టరైడ్ 372. కాబట్టి రెండూ దూరగలవు. డ్యూటాస్టరైడ్ 528, అంచు దాటింది. దూరగలిగినా, గోడ దాటిన మందును కింది రక్తనాళాలు ఎత్తుకుపోతాయి. నాలుగు మిల్లీమీటర్ల అడుగుకు గోడ గుండా తవ్వుకుంటూ పోవడం దండగ. గోడలో లక్ష బావులు తెరిచే ఉన్నాయి కదా, వాటిలోంచి దింపితే?

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో యుర్గెన్ లాడెమాన్ బృందం ఈ బావుల మీద ఏళ్ల తరబడి పని చేసింది. 2007లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. పంది చెవి చర్మం మనిషి చర్మానికి బాగా దగ్గర. దాని మీద మెరిసే రంగును రెండు రకాలుగా రాశారు: ఒకటి మామూలు జెల్‌గా, మరొకటి 320 నానోమీటర్ల కణాల్లో నింపి. వెంట్రుక మందం 80,000 నానోమీటర్లు అనుకుంటే, దానికి అడ్డంగా ఇలాంటి కణాలను 250 పేర్చవచ్చు. ఊరికే రాసి వదిలేస్తే రెండూ దాదాపు ఒకే లోతుకు దిగాయి. వేళ్లతో మర్దన చేసినప్పుడు కణాలు చాలా లోతుకు పోయాయి, మామూలు రంగు పైనే ఉండిపోయింది.

ఎందుకని? ఒక వెంట్రుక పీకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మొదలు నుంచి కొసకు లాగి చూడండి, నున్నగా జారుతుంది. కొస నుంచి మొదలుకు లాగితే గరుగ్గా పట్టేస్తుంది. వెంట్రుక పైన పెంకుటింటి కప్పులా పొలుసులు ఉంటాయి. ఆ పొలుసుల మెట్టు ఎత్తు కొన్ని వందల నానోమీటర్లు. మర్దనలో వెంట్రుక కదిలినప్పుడల్లా ఆ మెట్లు పళ్ల చక్రంలా పనిచేసి కణాలను కుదురు గుంటలోకి తోస్తాయని లాడెమాన్ బృందం వివరణ. కణం మరీ చిన్నదైతే మెట్టుకు అందదు, మరీ పెద్దదైతే గుంటలో పట్టదు. వేరువేరు సైజులతో మళ్లీ మళ్లీ చేసి చూస్తే అన్నిటికన్నా లోతుకు వెళ్లినవి 600 నానోమీటర్లకు అటూ ఇటూ ఉన్నవి. నానో అనగానే ఎంత చిన్నదైతే అంత మేలు అనుకుంటాం. ఇక్కడ అది తలకిందులైంది. మన ఇళ్లలో తలంటు పోసేటప్పుడు పెద్దవాళ్లు నూనె పోసి వదిలేయకుండా అంతసేపు మాడు రుద్దేవారు. నూనెతో జుట్టు మొలుస్తుందని నేననడం లేదు. గుంటలోకి దేన్నైనా దించాలంటే చేతి పని కావాలన్న సంగతి మాత్రం బెర్లిన్ ప్రయోగంలోనూ అదే.

ఆ ప్రయోగంలో రెండో సగం ఇంకా ముఖ్యం. మనుషుల చర్మం మీద అదే రంగు రాసి, ఎన్నాళ్లు నిలుస్తుందో చూశారు. గుంటలో ఉన్నది తెలుసుకోవడానికి వాళ్ల పద్ధతి ఇది: ముందు టేపు అతికించి పీకుతూ పై పొరను తీసేస్తారు. తర్వాత త్వరగా గట్టిపడే సయనో అక్రిలేట్ జిగురు, అంటే ఇంట్లో వాడే సూపర్ గ్లూ జాతిదే, ఒక చుక్క వేస్తారు. అది గుంటల్లోకి దిగి గట్టిపడుతుంది. పీకితే లోపలున్నదంతా చిన్న చిన్న ముళ్లలా జిగురుతో వచ్చేస్తుంది. ఆ ముళ్లలో రంగు ఎంతుందో కొలుస్తారు. మామూలు రంగు నాలుగు రోజుల తర్వాత దొరకలేదు. కణాల్లోది పది రోజుల దాకా దొరికింది. చర్మం పైన రాసింది ఒక్క స్నానంతో పోతుంది. గుంటలో దాచింది సెబమ్, అంటే చర్మంలో ఊరే జిడ్డు, నెమ్మదిగా బయటికి నెట్టేదాకా ఉంటుంది. రోజుకు రెండుసార్లు రాసే మందును వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించవచ్చన్న ఆశకు పునాది ఈ పది రోజులు.

కణం తాను చర్మంలోకి దూరనక్కర్లేదు. గుంటలో కూర్చుని మందును కొద్దికొద్దిగా వదిలితే చాలు. గుంట లోతట్టు గోడ పలచన, వదిలిన మందు అక్కడి నుంచి దూరుతుంది. నిజానికి కణం దూరకుండా ఉండడమే క్షేమం. అదే షారిటేలో ఆనిక ఫోగ్ట్ బృందం 2006లో 40, 750, 1500 నానోమీటర్ల కణాలను పోల్చింది. 40వి మాత్రం కుదురు గోడ దాటి లాంగర్‌హాన్స్ కణాల్లోకి, అంటే చర్మంలోని రోగనిరోధక కాపలాదారుల్లోకి, చేరాయి. టీకాలు వేసేవాళ్లకు అది వరం. జీవితాంతం రోజూ రాసే జుట్టు మందుకు అది అనవసరమైన గొడవ.

ఇక ఆ కణాలను దేంతో చేస్తారు? లైపోసోములు పాతవి. 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ గమనించిన కొవ్వు బుడగలు అవి, గుడ్డు సొనలో ఉండే లెసిథిన్ లాంటి పదార్థంతో తయారవుతాయి. మెత్తన, కానీ నిలవ ఉండవు. 1990ల మొదట్లో ఘన కొవ్వు కణాలు వచ్చాయి. చలికాలంలో సీసాలో పేరుకున్న కొబ్బరినూనెను ఊహించుకుంటే చాలు, ఒళ్లు వెచ్చదనానికి కూడా కరగని కొవ్వుతో అలాంటివే. వాటికొక చిక్కు: కొవ్వు గట్టిగా స్ఫటికమయ్యే కొద్దీ తనలోని మందును బయటికి నెట్టేస్తుంది. అందుకని అందులో కాస్త ద్రవ నూనె కలిపి, పేర్పు సరిగ్గా కుదరకుండా చేస్తారు. ఆ సందుల్లో మందు ఉంటుంది. వెనక్కి తీయనక్కర్లేని కుట్లదారం చేసే పీఎల్‌జీఏ అనే పాలిమర్ మరో దారి. శరీరంలో అది మెల్లగా లాక్టిక్ ఆమ్లంగా, గ్లైకాలిక్ ఆమ్లంగా విడిపోతుంది. జపాన్‌లో పొడుల తయారీ యంత్రాల కంపెనీ హోసొకావా మైక్రాన్ పీఎల్‌జీఏ కణాలతో మాడుకు రాసే టానిక్ అమ్ముతోంది. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ చర్మానికి అతుక్కునే గుణంతో కణాల పైపూతగా పనికొస్తుంది. వీటిలో ఏది గెలుస్తుందో ఇప్పుడే చెప్పడం తొందర. కొవ్వు కణాల మీద నాకు మొగ్గు ఎక్కువ. బట్టతల మీద వెంట్రుక కుంచించుకుపోయినా సెబమ్ గ్రంథి పెద్దగానే ఉంటుంది, ఆ కొవ్వులో కొవ్వు సులువుగా కలుస్తుంది.

మందును అక్కడికక్కడే ఉంచవలసిన అవసరం ఫినాస్టరైడ్ విషయంలో మరీ గట్టిది. మాత్ర మింగితే ఒళ్లంతా డీహెచ్‌టీ తగ్గుతుంది. కొందరికి లైంగిక సమస్యలు వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు కూడా దీని దుష్ఫలితాల్లో ఉన్నాయని యూరప్ ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. పాతికేళ్ల కుర్రాడు జుట్టు కోసం ఈ బరువు ఎత్తుకోవలసిరావడం బాధాకరం. పూత మందుగా ఇస్తే ఎంత తేడా ఉంటుందో 2022లో ప్రచురించిన మూడో దశ పరీక్ష చూపించింది. 24 వారాలు, 458 మంది మగవాళ్లు. 0.25 శాతం స్ప్రే వాడినవాళ్లకు గుర్తుపెట్టిన చోట చదరపు సెంటీమీటరుకు సుమారు 20 వెంట్రుకలు పెరిగాయి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లకు సుమారు 7. మాత్రతో పెరిగినవీ దాదాపు స్ప్రే అంతే. రక్తంలో మందు మాత్రతో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువ. అయినా రక్తంలోని డీహెచ్‌టీ మూడో వంతు తగ్గింది, మాత్రతో సగానికి పైగా. ఇది నానో కణాల మందు కాదు, కైటోసాన్ జాతి పొరతో చేసిన స్ప్రే. తలకు రాసింది తలలోనే ఉంటుందన్న భరోసా ఇవ్వలేమని, ఇంకా మెరుగైన వాహనం కావాలని చెప్పేది ఆ మూడో వంతే. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ, ఫార్మసీలు సొంతంగా కలిపి ఇచ్చే ఫినాస్టరైడ్ పూత మందుల గురించి హెచ్చరిక జారీ చేసింది. ఐదేళ్లలో 32 మంది ఫిర్యాదులు అందాయి. చేతికి, దిండుకు అంటిన మందు ఇంట్లో ఇంకొకరికి అంటడం, ముఖ్యంగా గర్భిణికి తగలడం, అందులో ఒక ప్రమాదం. కడుపులోని మగశిశువు ఎదుగుదలకు డీహెచ్‌టీ కావాలి.

పత్రికల్లో నానో కణాలతో జుట్టు మొలిచిందన్న వార్త కనిపించినప్పుడల్లా నేను మొదట వెతికేది ఎలుక పేరు. సీ57బీఎల్6 అనే నల్ల ఎలుక. ఏడు వారాల వయసులో దాని వీపు మీది వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతిలో ఉంటాయి. గొరిగితే చర్మం గులాబీ రంగు. మందు రాశాక ఆ చర్మం బూడిద రంగుకు, నలుపుకు మారితే కుదుళ్లు మేల్కొన్నాయని లెక్క. చూడముచ్చటైన పరీక్ష, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ ఆ ఎలుకకు బట్టతల లేదు. ఎలాగూ మొలవవలసిన వెంట్రుకలు కాస్త ముందు మొలిచాయి. దాని చర్మం పలచన, కుదుళ్లు కిక్కిరిసి ఉంటాయి. మన తల మీద ఒక్కో కుదురు దాని కాలెండరు ప్రకారం అది నడుస్తుంది. 2021లో చైనా పరిశోధకులు సీరియం కణాలను సూక్ష్మ సూదుల పట్టీలో పెట్టి చేసిన అందమైన పని కూడా ఎలుకల మీదిదే.

మనుషుల దాకా వచ్చిన వాటిలో ఆసక్తికరమైనది దక్షిణ కొరియాది. డేజన్ నగరంలోని బయోనీర్ కంపెనీ, డీహెచ్‌టీ గ్రాహకాన్ని తయారుచేసే సందేశాన్నే అడ్డుకునే ఆర్‌ఎన్‌ఏ ముక్కకు ఒక వైపు నీటిని ఇష్టపడే తోక, మరో వైపు కొవ్వును ఇష్టపడే తోక తగిలించింది. నీళ్లలో వేస్తే అవి తమంతట తామే చుట్టుకుని నానో కణాలవుతాయి. మందే వాహనం. ఎక్కువ మోతాదును వారానికోసారి రాసి 24 వారాల పాటు మనుషుల్లో పరీక్షించిన ఫలితాలను 2022లో ప్రచురించారు. యూరప్‌లో అది సౌందర్య సాధనంగా అమ్మకానికి వచ్చింది. మందుగా అనుమతి పొందాలంటే కావలసినంత పెద్ద పరీక్ష సౌందర్య సాధనానికి అవసరం లేదు. మన దేశంలో నానో ఔషధాలను ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. షాంపూ సీసా మీద నానో అని రాసుకోవడానికి మాత్రం ఆ తిప్పలేవీ పడనక్కర్లేదు. సీసా కొనేవాళ్లు అడగవలసినవి: మనుషుల మీద చూశారా, ఎంతమంది మీద, ఎన్ని నెలలు, ఉత్తి ద్రావణంతో పోల్చారా?

వాహనం ఎంత మంచిదైనా దానికొక హద్దుంది. మినాక్సిడిల్ ఉన్నది ఉన్నట్టుగా పనిచేయదు. కుదుట్లో ఉండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైము దాన్ని సల్ఫేటుగా మారిస్తేనే పని. ఆ ఎంజైము తక్కువున్నవాళ్లకు గుంట నిండా మందు నింపినా ఫలితం అంతంతే. బెర్లిన్ ప్రయోగంలోని వెంట్రుకలు ఆరోగ్యంగా ఉన్నవి. నూగుగా మారిన వెంట్రుక అంత గట్టిగా మెట్లతో తోయగలదా అన్నది నా సందేహం. అందుకే ఈ వైద్యం నెత్తి నున్నబడకముందు, ఇంకా వెంట్రుక ఉన్నప్పుడే, మొదలుపెట్టాలంటాను.

ఆ అద్దం ముందు మనిషి దగ్గరికి వస్తే, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అతనికి జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లు ఒక్కసారి మేల్కొని పాత వెంట్రుకలను నెట్టేస్తాయి. దువ్వెన నిండా చూసుకుని, రాత్రీ పగలూ రాయలేక విసిగిపోయి, సీసా పక్కన పెట్టేసేది చాలామంది సరిగ్గా అప్పుడే. అదే సమయంలో నాలుగు మిల్లీమీటర్ల అడుగున కొత్త వెంట్రుక బయల్దేరి ఉంటుంది, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున.